అమ్మ నమ్మకం... అమ్మాయిదయ్యేదెప్పుడు?

పదేళ్ళప్పుడు సండేస్కూల్లో వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పి, క్రిస్మస్ నాడు స్టీలు గిన్నె బహుమతిగా తెచ్చుకున్న పిల్ల. పద్దెనిమిదేళ్ళకు బెంగుళూరులో చదువుకో, ఉద్యోగానికో చేరింది. మొదటి నెల ఫోన్లో "చర్చికి వెళ్ళొచ్చినానమ్మా" అంది. రెండో నెల "ఈ వారం కుదర్లేదమ్మా" అంది. ఆ తర్వాత ఆ ఊసే లేదు. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో తల్లే ఆమె పేరున వాగ్దానం కార్డు తీసి, ఫొటో పంపింది. అటునుంచి ఒక దండం బొమ్మ వచ్చింది, అంతే! "చిన్నప్పట్నుంచీ ఒక్క ఆదివారం మాననివ్వలేదే... నేనేం తక్కువ చేసినాను?" అని ఇక్కడ తల్లికి నిద్ర పట్టదు.

శ్రీ సత్యసాయి జిల్లా నల్లచెరువు లాంటి చోట ఏ క్రైస్తవ కుటుంబంలోనైనా తలెత్తగల దిగులే ఇది. కదిరి పక్కనున్న మండలం. వేరుశనగను, బోరునీళ్ళను, వాన దయను నమ్ముకున్న పల్లెలు. పిల్లలు పై చదువులకు కదిరి, అనంతపురం, ఉద్యోగాలకు బెంగుళూరు దారి పడతారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పల్లెల కథా దాదాపు ఇంతే. ఊళ్ళో ఉన్నంతకాలం చర్చి అంటే అవ్వ, మేనత్త, పక్కింటి పిన్ని, కలిసి పెరిగిన స్నేహితురాళ్ళు. ఆదివారం అక్కడికి వెళ్ళడానికి ప్రత్యేకంగా నమ్మకం అక్కర్లేదు, ఇంట్లో ఒక్కతే ఉండలేకపోతే చాలు! ఊరు దాటాక ఆ మనుషులెవరూ వెంట రారు. అక్కడ మిగిలేది పిల్ల తనకు తానుగా నమ్మినదేదో అదే.

మరి అమ్మానాన్నల నమ్మకం చాలదా అంటే, చాలదనే సంఘాలన్నీ చెబుతాయి. పద్ధతులే వేరు. సి.ఎస్.ఐ. సంఘాల్లో పసిబిడ్డకే బాప్తిస్మం ఇచ్చి, ఎదిగొచ్చాక కొన్ని వారాల పాఠాలు చెప్పి, బిషప్పుగారి చేత కన్ఫర్మేషన్ ఇప్పిస్తారు. కతోలికుల్లో దాన్నే భద్రమైన అభ్యంగనం అంటారు. బాప్టిస్టులు, బ్రదరన్ వాళ్ళు పిల్ల ఎదిగి, అర్థం చేసుకుని, తానే అడిగేదాకా ఆగి నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. దారి ఏదైనా, పెద్దలు పక్కకు తప్పుకుని పిల్ల తన నోటితో తాను చెప్పాల్సిన రోజంటూ ఒకటుంది.

ఆ రోజును మనం ఏం చేశామో చూడండి. పెళ్ళి కుదిరింది, వచ్చే నెల్లో ముహూర్తం, చర్చిలో పెళ్ళి చేయాలంటే బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలి... "అయ్యగారూ, ఈ ఆదివారమే కానిచ్చేయండి" అని పరుగెత్తే ఇళ్ళు ఎన్ని లేవు! అమ్మాయి జీవితంలో అతి సొంతమైన మాట అనుకున్నది కాస్తా, కల్యాణమండపం బుకింగ్ రసీదు పక్కన మరో కాగితం అయిపోతుంది.

వీధి వీధిగా వచ్చిన విశ్వాసం

దీనికి మూలం ఈనాటి తల్లుల నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. ఈ సీమలో క్రైస్తవం వచ్చిన తీరులోనే ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1810లో బళ్ళారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టారు. అప్పట్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బళ్ళారి జిల్లాలోవే. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. కదిరి తాలూకా అయితే 1910 దాకా కడప జిల్లాలోనే ఉండేది. మొదట్లో ఒకరూ అరా చేరినా, తెలుగునాట సంఘాలు పెద్దవైంది మాత్రం మాల, మాదిగ వాడలు మొత్తంగా కదిలినప్పుడే. వాడ పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవారు, అందరూ కలిసి నిర్ణయించుకునేవారు. ఒక్కరే విడిగా చేరితే వెలి, బావి దగ్గర తగవు, పిల్లకు సంబంధం దొరకదు. అందరూ కలిసి చేరితే ఒకరికొకరు అండ.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ఒంగోలు వైపుది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని చూపించారు. బాప్తిస్మం కావాలని ఎంతమంది అడిగినా కరువు తీరేదాకా ఇవ్వనన్నారు. గంజి కోసం వచ్చారా, దేవుడి కోసం వచ్చారా అన్నది వాళ్ళకే తేలాలని ఆయన పట్టుదల. చివరకు 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇప్పటికీ ఆ సంఖ్యనే అందరూ చెప్పుకుంటారు. ఆపి ఉంచిన ఆ నెలల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నన్నడిగితే అసలు కథ ఆ నెలల్లోనే ఉంది.

దోర్నకల్లులో మరో పద్ధతి ఉండేది. అక్కడి బిషప్పు వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయ్యారు, 1945లో చనిపోయేదాకా తెలుగు పల్లెలే ఆయన లోకం. వాడంతా కలిసి వచ్చినా సరే, బాప్తిస్మం పొందిన ప్రతి మనిషి చేతా వాళ్ళ చెయ్యి వాళ్ళ నెత్తినే పెట్టించేవారు. సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమేనని పౌలు చెప్పుకున్న మాటను ఒక్కొక్కరి చేతా పలికించేవారు. అక్షరం రాని ఆడకూలీ కూడా తన తలమీద తన చెయ్యి పెట్టుకుని తన నోటితో చెప్పాలి. గుంపులో వచ్చినవాళ్ళను ఒక్కొక్కరిగా నిలబెట్టడం అంటే అది! ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆడవాళ్ళకు పాఠాలు చెప్పేవారు.

తాతలు గుంపుగా చేరారు. అమ్మానాన్నలు పుట్టుకతో వచ్చారు. ఇక మనవరాలి వంతు వచ్చేసరికి ఇంటిపేరులాగా, రేషన్ కార్డులో పేరులాగా అది దానంతటదే వస్తుందని అనుకున్నాం.

అప్పజెప్పడం వచ్చు... అడగడమో?

సండేస్కూలు పుట్టిందే చదువు చెప్పడానికి. ఇంగ్లండులో గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు 1780లో, వారమంతా పనిచేసే పేదపిల్లలకు ఆదివారం పూట అక్షరాలు నేర్పించే ఏర్పాటు చేశాడు. వేసవిలో మన చర్చిల్లో సందడిగా జరిగే వి.బి.ఎస్. అలాంటిదే. 1901లో న్యూయార్క్‌లో రాబర్ట్ బోవిల్ అనే ఆయన, సెలవుల్లో వీధుల్లో తిరిగే పిల్లల్ని చేరదీయాలని మొదలుపెట్టాడు. ఏదో నేర్చుకుని ఇంటికి వెళ్ళాలన్నదే రెండింటి ఉద్దేశం.

మన దగ్గర అదంతా బట్టీలోకి దిగింది. కంఠత వాక్యం, యాక్షన్ సాంగ్, క్విజ్, బహుమతి. వీటిని తీసిపారేయాలని కాదు సుమా! చిన్నప్పుడు నోటికొచ్చిన వాక్యం నలభై ఏళ్ళకు ఆసుపత్రి వరండాలో గుర్తొచ్చి ధైర్యం ఇవ్వవచ్చు. తంటా ఎక్కడంటే, పన్నెండేళ్ళ తర్వాత కూడా అదే నడుస్తుంది. పిల్ల బుర్రలో ప్రశ్నలు మొలకెత్తే వయసుకు సండేస్కూల్ అయిపోతుంది. ఆ ప్రశ్నలు వినే మనిషి మాత్రం ఎక్కడా ఉండదు.

ఏం ప్రశ్నలంటారా? "ఉపవాసం ఉండి ప్రార్థన చేసినాం కదమ్మా, వాన ఎందుకు రాలేదు?" ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వానపడే సీమలో ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. ఆ వాన మీదే ఇంటి అప్పు, అక్క పెళ్ళి, తన కాలేజీ ఫీజు ఆధారపడి ఉంటాయి. "అవ్వకు కేన్సరు తగ్గుతుందని పాస్టరుగారు గట్టిగా చెప్పినారే, మరెందుకు చచ్చిపోయింది?" "కదిరి తేరు నాడు నా ఫ్రెండు ప్రసాదం ఇస్తే తినొచ్చా? తినకపోతే బాధపడతాది." "వాళ్ళు మంచోళ్ళు కదా, వాళ్ళను దేవుడు నరకానికి పంపుతాడా?"

ఇలాంటప్పుడు మన నోట వచ్చే జవాబు తెలిసిందే... "అట్లా అడగకూడదు, పాపం." పిల్ల అడగడం మానేస్తుంది. అనుమానం పోయిందని మనం అనుకుంటాం. అది లోపలికి పోయింది, అంతే. బెంగుళూరులో ఎవరో సహోద్యోగి అదే ప్రశ్న నవ్వుతూ వేసినప్పుడు, ఎనిమిదేళ్ళుగా లోపల దాగినదంతా ఒక్కసారి పైకి వస్తుంది. అప్పుడు పక్కన అమ్మ ఉండదు.

"నాకూ తెలీదు తల్లీ. వాన రానప్పుడు నాకూ కోపం వచ్చింది. అయినా ప్రార్థన మానబుద్ధి కాలేదు, ఎందుకంటే..." అని తల్లి తన మాట తాను చెప్పగలిగితే, ఆ "ఎందుకంటే" తర్వాత వచ్చేది ఎంత చిన్నదైనా పిల్లకు గుర్తుండిపోతుంది. బైబిల్లో కీర్తనల పుస్తకం తెరిస్తే, దేవుడితో పోట్లాడే కీర్తనలు బోలెడు కనిపిస్తాయి. తోమా తాను చూస్తేగానీ నమ్మనన్నాడు. అతణ్ణి శిష్యుల్లోంచి ఎవరూ గెంటేయలేదు. మన పదో తరగతి పిల్ల అడిగితే మాత్రం ఉలిక్కిపడతామెందుకో!

బొట్టు, పూలు, రెండో పేరు

ఆడపిల్లలకు ఇంకో బరువుంది. మగపిల్లాడు క్రైస్తవుడో కాదో చూడగానే తెలీదు. అమ్మాయిని మాత్రం నుదురు చూసి లెక్కగడతారు. కొన్ని సంఘాల్లో బొట్టు, పూలు, నగలు కూడదంటారు. కొన్నింటిలో ఆ పట్టింపే లేదు. ఒకే వీధిలో ఒక చర్చికి మల్లెపూలతో వెళ్ళేవాళ్ళు, ఇంకో చర్చికి బోసి మెడతో వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఏది సరైనదో చెప్పడం ఈ పేజీ పని కాదు. కానీ పద్నాలుగేళ్ళ పిల్లకు విశ్వాసం గురించి ఇంట్లో వినిపించే మొట్టమొదటి మాట "ఆ స్టిక్కరు తీసెయ్" అన్నదే అయితే, క్రైస్తవం అంటే స్టిక్కరు లేకపోవడం అనే ఆమెకు అర్థమవుతుంది. హాస్టల్లో చేరిన మొదటివారమే స్టిక్కరు పెట్టుకుంటుంది. పెట్టుకున్నందుకు ఆకాశమేమీ విరిగిపడదు. దాంతో మిగతాదంతా కూడా ఉత్తిదేనని తీర్మానించుకుంటుంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. దీన్ని గురించి గుసగుసలే తప్ప బయటికి ఎవరూ మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించదు. ఎస్.సి.ల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళను మన రాష్ట్రంలో బి.సి.-సి గ్రూపులో చేర్చారు, వాళ్ళకున్న రిజర్వేషను ఒక శాతం. దీన్ని పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ ఆధ్వర్యంలో కమిషన్ వేసింది. కోర్టుల్లోనూ వాదనలు నడిచాయి.

ఈ చట్టం గొడవ పెద్దలకు సంబంధించిందని అనుకుంటాం. దాని ముల్లు గుచ్చుకునేది పిల్లకే. బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. ఫారం నింపేటప్పుడు ఒక మతం, ఆదివారం ఇంకొకటి. "కాలేజీలో ఎవరైనా అడిగితే చర్చికి పోతామని చెప్పొద్దు" అని ఇంట్లోనే నేర్పుతారు. స్కాలర్‌షిప్పు పోతే చదువే ఆగిపోతుందన్న భయం అబద్ధం కాదు, ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టడం నాకిష్టం లేదు. కాకపోతే దేవుడి దగ్గర దాపరికం ఉండకూడదని ఆదివారం పాఠం చెప్పి, సోమవారం దాచమని చెబితే పిల్ల మనసులో ఏం జరుగుతుంది? కనీసం ఇంటర్ వయసుకైనా కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. మన తాతలది ఏ వాడ, ఎందుకు చర్చికి వెళ్ళారు, చట్టం ఏమంటోంది, మనం రికార్డులో ఇలా ఎందుకు ఉన్నాం, దాని మంచిచెడ్డలేమిటి... అంతా. మేజరయ్యాక తన కాగితాలు, తన బాప్తిస్మం సంగతి తనే తేల్చుకోనివ్వాలి. చుట్టూ జరిగే నాటకం తనకు తప్ప అందరికీ తెలుసన్న బాధ ఆ వయసులో చాలా లోతుగా దిగుతుంది.

ఏలీ చేసిన పని

సమూయేలు కథ సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు. హన్నా మొక్కుకుని కన్న కొడుకును పాలు మానగానే మందిరంలో వదిలిపెడుతుంది. ఓ రాత్రి ఎవరో పేరుపెట్టి పిలిచినట్టయి, పిల్లాడు ముసలి యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెడతాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అంటాడాయన. రెండోసారీ అంతే. మూడోసారికి ఏలీకి అర్థమవుతుంది. ఏం పలకాలో చెప్పి, మళ్ళీ వాడి చోటికే పంపేస్తాడు. తాను వెంట వెళ్ళడు. పిల్లాడి తరఫున తాను జవాబివ్వడు.

పిల్లల విశ్వాసం గురించి ఇంతకంటే వివరమైన పాఠం ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది. ఏలీ తన సొంత కొడుకుల విషయంలో ఘోరంగా ఓడిపోయిన తండ్రి, కళ్ళు కూడా సరిగ్గా కనిపించవు. అయినా ఈ ఒక్క పని సరిగ్గా చేశాడు.

మన ఇళ్ళలో కుటుంబ ప్రార్థనను చూడండి. తల్లే మొదలుపెడుతుంది, తల్లే ముగిస్తుంది, అందరి పేర్లూ తనే చెబుతుంది. పిల్లల వంతు ఆమెన్ మాత్రమే. పిల్ల ఎప్పుడైనా నోరు తెరిస్తే పెద్దల ప్రార్థనలో విన్న గ్రాంథికం మాటలే వల్లిస్తుంది. "రేపు లెక్కల పరీక్షంటే భయంగా ఉంది, రవ్వంత కూడా చదవలేదు, సాయం చెయ్యి దేవా" అని తన మాటల్లో అడిగినప్పుడు నవ్వకుండా ఉండగలిగితే చాలు. రాత్రి పది నిమిషాలు, వారానికి రెండ్రోజులు పిల్లల వంతు. ఒకరోజు ఎగ్గొడితే నానా యాగీ చేయకండి.

తల్లే అన్నీ చూసుకోవాలని కూడా లేదు. పదహారేళ్ళ అమ్మాయి తల్లికి చెప్పుకోలేనివి సవాలక్ష ఉంటాయి. సంఘంలో ఓ పాతికేళ్ళ అక్కో, పాస్టరమ్మగారో, టీచరుగా రిటైరైన పెద్దమ్మో... నెలకోసారి టీ ఇచ్చి కూర్చోబెట్టి మాట వినే మనిషి ఉంటే, ఎన్ని యూత్ మీటింగులైనా దాని తర్వాతే. ఊరు మారేటప్పుడూ అంతే. "అక్కడ ఏదో ఒక చర్చికి పో" అని వదిలేయకుండా, ఎవరింటికి వెళ్ళి ఒక పూట భోజనం చేయగలదో ముందే కనుక్కుని పంపండి. చాలా కాలేజీల్లో విద్యార్థులే నడుపుకునే ఇ.యు. బైబిల్ స్టడీ గుంపులుంటాయి. యు.ఇ.ఎస్.ఐ. అనే ఆ విద్యార్థి సంఘం 1954 నుంచీ ఉంది. పాస్టరు ఎదుట అడగలేనివి తోటి పిల్లల మధ్య అడగగలుగుతారు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆడపిల్లకు "కౌన్సెలింగ్", "ప్రత్యేక ప్రార్థన" అని చెప్పి తలుపులు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోబెట్టే పద్ధతిని ఎంతటి దైవజనుడు పెట్టినా ఒప్పుకోకండి. దాని గురించి అడగడం అవిశ్వాసం కిందికి రాదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలపై లైంగిక వేధింపుల్ని 2012 నాటి పోక్సో చట్టం తీవ్రనేరంగా చూస్తుంది. తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. సాయానికి చైల్డ్‌లైన్ 1098 ఉంది. "సంఘం పరువు" అని నోరు మూయించిన చోట ఆ పిల్ల దేవుణ్ణి ఇంకెప్పుడూ నమ్మలేకపోవచ్చు.

ఒకే ఇంట్లో రెండు బైబిళ్ళు

ఇంకో చిక్కు మన తరంలోనే వచ్చిపడింది. అమ్మ చదివే తెలుగు బైబిలు భాష వందేళ్ళు దాటినది. ఇంగ్లీషు మీడియం పిల్లకు తెలుగు చదవడమే కష్టం, ఇక ఆ గ్రాంథికం ఎక్కడ తలకెక్కుతుంది? ఫోన్లో ఇంగ్లీషు బైబిలు చూసుకుంటుంది. ఇద్దరూ ఒకే పుస్తకం చదువుతున్నా ఒకరి మాట ఒకరికి అందదు. వాడుక భాషలో వచ్చిన తెలుగు అనువాదాలు ఇప్పుడున్నాయి, పిల్లకు ఒకటి కొనివ్వండి. లేదా ఒకే అధ్యాయం తను ఇంగ్లీషులో, మీరు తెలుగులో చదివి, ఎక్కడ తేడాగా ఉందో మాట్లాడుకోండి. భాష తేడా మీద మొదలైన కబురు ఎక్కడెక్కడికో వెళుతుంది.

పాటలదీ అదే గొడవ. "గిటారు, డ్రమ్ములు... ఇది ఆరాధనా, ఆర్కెస్ట్రానా?" అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890 దాకా జీవించారు. విదేశీ ట్యూన్లకు తెలుగు మాటలు అతికించకుండా, జనం చెవికి అలవాటైన కీర్తన పద్ధతిలో రాశారు. ఈనాడు అవ్వల కళ్ళు చెమర్చే ఆ పాటలు ఆ కాలానికి కొత్తపాటలే కదా! పిల్లలకు వాటి కథ చెప్పి, కీబోర్డు మీద వాయించమనండి. వాళ్ళ కొత్తపాట ఒకటి మీరూ నేర్చుకోండి. పదాలు నోరు తిరగకపోతే వాళ్ళే నవ్వుతూ నేర్పుతారు.

కన్నీళ్ళను లెక్కపెట్టొద్దు

యూత్ క్యాంపులకు పంపండి, తప్పులేదు. మూడు రోజులు ఫోను పక్కనపెట్టి, తోటి పిల్లలతో కలిసి పాడి, మాట్లాడి వస్తే మంచిదే. చివరి రాత్రి దీపాలు తగ్గించి, సంగీతం మెల్లగా వాయిస్తూ "ఎవరు ముందుకొస్తారు?" అని అడిగి, ఏడ్చినవాళ్ళను లెక్కబెట్టి "ఇంతమంది రక్షణ పొందారు" అని ప్రకటించే పద్ధతి మీదే నాకు అనుమానం. పదిహేనేళ్ళ పిల్లలు ఒకరు ఏడిస్తే అందరూ ఏడుస్తారు. వారం తిరక్కుండా పాతదారి పట్టాక, "నాలోనే ఏదో లోపముంది" అని కుమిలిపోయే పిల్ల ఎక్కువ ప్రమాదంలో పడుతుంది.

తెలుగునాట సాక్ష్యం చెప్పే పద్ధతికి పెద్దపీట వేసిన భక్తసింగ్ కథ తీసుకోండి. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఇంజనీరింగు చదువుతున్నప్పుడు 1929లో కొత్త నిబంధన చదవడం మొదలుపెట్టారు. బాప్తిస్మం తీసుకున్నది 1932లో. అంటే రెండేళ్ళకు పైగా! ఆ తర్వాత ఇండియాకు వచ్చి ఊరూరా తిరిగి, హైదరాబాదులో హెబ్రోను కేంద్రంగా ఎన్నో సంఘాలు ఏర్పడడానికి కారకులయ్యారు, 2000లో చనిపోయేదాకా. పుస్తకం చేతికి రావడానికి, నలుగురి ముందూ ఒప్పుకోవడానికి మధ్య ఆయనకే అంత వ్యవధి పట్టింది. మనం పదో తరగతి పిల్లకు మూడు రోజుల క్యాంపులో తేలిపోవాలంటాం.

కుర్చీలు వేసేందుకేనా యూత్?

చాలా చర్చిల్లో యూత్ అంటే క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేవాళ్ళు, కుర్చీలు వేసేవాళ్ళు, కూటం అయ్యాక మైకు సర్దేవాళ్ళు. అమ్మాయిలైతే డాన్సు, ప్రేమవిందులో వడ్డన. పెద్దల కమిటీలో వాళ్ళ మాట వినేవాళ్ళుండరు. తనకు బాధ్యత లేని చోట ఎవరి మనసు నిలుస్తుంది చెప్పండి? కానుకల లెక్క రాయడం కామర్సు చదివే పిల్లకు ఇవ్వొచ్చు. మంచాన పడిన అవ్వల ఇళ్ళకు వెళ్ళి బైబిలు చదివి వినిపించే పని ఇద్దరేసి అమ్మాయిలకు అప్పగించొచ్చు. ఎదుటివాళ్ళ కష్టం పక్కన కూర్చుని చదివినప్పుడు, బట్టీపట్టిన వాక్యం ఏమిటో అప్పటికి తెలుస్తుంది.

"ఆడపిల్ల పుల్పిట్ ఎక్కడమేమిటి?" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. సి.ఎస్.ఐ.లో ఆడవాళ్ళకు గురువులుగా అభిషేకం ఇవ్వడం 1976లోనే మొదలైంది. ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు ఎక్కడినుంచో రాలేదు, 2013లో మన పక్కనే ఉన్న నంద్యాల డయాసిస్‌కు బిషప్పయిన పుష్పలలిత గారే. సండేస్కూల్లో ఆ మాట ఎంతమంది ఆడపిల్లలకు చెప్పాం?

పౌలు తన శిష్యుడు తిమోతికి రాస్తూ, అతని విశ్వాసం మొదట ఎవరిలో ఉండేదో గుర్తుచేస్తాడు. అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే. తెలుగు బైబిల్లో లోయిని "అవ్వ" అనే రాశారు, అచ్చంగా మన సీమ మాట! ఇద్దరాడవాళ్ళ పేర్లు చెప్పి ఊరుకోడు పౌలు. నీలోని వరాన్ని నువ్వే రగిలించుకోవాలని ఆ వెంటనే అతనికే అప్పగిస్తాడు.

వచ్చే ఆదివారం పాఠం చదివే పని మీ సంఘంలో ఓ అమ్మాయికి ఇవ్వమని అయ్యగారిని అడిగి చూడండి. శనివారమే చెప్పాలి, ఆరాధన మొదలయ్యాక చేతిలో పెట్టకూడదు. రాత్రికి అవ్వ దగ్గర కూర్చుని నాలుగుసార్లు చదువుకుంటుంది. నోరు తిరగని పేర్లు అవ్వ పలికి చూపిస్తుంది. అర్థంకాని చోట ఆగి అడుగుతుంది... ఆ జవాబుకు అవ్వ కూడా కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.